జోడు లేని ప్లేటు

మా ఇంట్లో పాటల ప్లేట్లు రోకలి కింద పడేవి. వినడానికి ఎవరూ తెచ్చేవాళ్ళు కాదు, దంచడానికే తెచ్చేవాళ్ళు. ఈ మాట చాలా ఏళ్ళు నా నోరు దాటలేదు. దాటితే నా నోట్లోకి అన్నం పోయేది కాదు. ఇప్పుడు ఆ గాజుల సేటు లేడు, ఆయన దుకాణం లేదు, ఆ గాజులు తొడుక్కున్న ఆడవాళ్ళలో ఎందరున్నారో ఎందరు పోయారో. ఇక దాచిపెట్టి నేనేం చేసుకోవాలి?

గౌలిపురలో మా అత్తకు రెండు గదుల ఇల్లుండేది. ముందు గదిలో ఆమె, వెనక గదిలో నేను. గల్లీ అంతా బర్రెలే, పొద్దున లేస్తే పేడ వాసన, పాల చెంబుల చప్పుడు. మాకు మాత్రం బర్రె లేదు. మా ఆయన లాడ్‌బజార్‌లో ఒక గాజుల సేటు దగ్గర లక్క కరిగించేవాడు. జ్వరం వచ్చి ఆయన పోయాక సేటు ఆ పని నాకిచ్చాడు. "దేవుడసొంటి మనిషి" అని అత్త అనేది. నాకు అట్లా అనిపించలేదు. దుకాణంలో చేయిస్తే దారిన పోయేవాళ్ళు చూస్తారు. మా వెనక గదిలోకి ఎవరూ చూడరు. సేటుకు ఎవరూ చూడకూడని పని ఒకటుండేది.

ఆ రోజుల్లో గ్రామఫోను ప్లేట్లు లక్కతో చేసేవాళ్ళు. సికింద్రాబాద్‌లో దొరలు బంగ్లాలు ఖాళీ చేసి పోతుంటే వాళ్ళ సామాన్లు వేలానికి వచ్చేవి. బల్లలు, కుర్చీలు, అద్దాలు కొనడానికి జనం ఉండేవాళ్ళు. గీతలు పడ్డ ప్లేట్లు, అంచు పగిలిన ప్లేట్లు తుక్కుతో కలిసి గోనెసంచుల్లో, పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్‌కు చేరేవి. అక్కణ్ణుంచి సేటు చేతికి, సేటు చేతి నుంచి మా ఇంటికి. నేను వాటిని దంచి, బొగ్గుల సిగ్డీ మీద కరిగించి, కొంచెం కొత్త లక్కతో పిసికి, నల్ల కడ్డీలు చేసి ఇచ్చేదాన్ని. గాజుకు లోపల ఉండేది ఆ నలుపే. పైన ఎర్ర లక్క, అద్దం ముక్కలు దుకాణంలో అతికించేవాళ్ళు. "అస్లీ లక్క, అస్లీ లక్క" అని సేటు గొంతు చించుకొని అమ్మేవాడు.

ఇంకొకటి కూడా ఉంది. అవి పెళ్ళి గాజులు. పెళ్ళికూతురు తొడుక్కునే గాజులు ఒక ముండమోపి చేతుల్లోంచి వస్తున్నాయని తెలిస్తే ఒక్కరు కొనేవాళ్ళు కాదు. అందుకని నేను దుకాణం మెట్లు ఎక్కకూడదు. సేటే రిక్షాలో వచ్చి కడ్డీలు పట్టుకుపోయేవాడు. గుమ్మంలో నిలబడి ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు: "ఎవరన్న వచ్చిండ్రా?" నేను "ఎవరు రాలేదు సేటు" అనేదాన్ని.

సేటు దగ్గర ఒక రివాజు ఉండేది. పనివాళ్ళలో ఇద్దరు ఒక మంచి గాజును పట్టుకొని "నేను చేసిన" అంటే "నేను చేసిన" అని కొట్లాడితే, ఆయన తీర్పు చెప్పేవాడు కాదు. ఇద్దరి ముందూ లక్క పెట్టి "జోడు చేయిండ్రి" అనేవాడు. ఎవరు చేసింది ఆ గాజు పక్కన జోడుగా కూర్చుంటే గాజు వాళ్ళది. చేసిన చెయ్యి మళ్ళీ చేస్తుంది, దొంగ చెయ్యి చేయలేదు. మా ఆయన చెప్పగా విన్నాను, నాకు నచ్చిన న్యాయం అదొక్కటే.

ఒకసారి సంచిలో ఒక ప్లేటు వచ్చింది, రోకలితో పొడిస్తే పగల్లేదు. ఠంగుమన్నది. అంచు దగ్గర గీకి చూస్తే నలుపు కింద తెల్లగా రేకు. లక్క కాకపోతే నాకెందుకు? పక్కన పడేశాను. అత్త దాన్ని తీసి నీళ్ళ కడవ మీద మూత పెట్టింది. సరిగ్గా సరిపోయింది కూడా.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ మనిషి వచ్చాడు. ఇస్త్రీ పాంటు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, మెడ పక్కన ఏదో తాడు ఒరుసుకొని కాయ కాసిన మచ్చ. అత్త అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, మీ ఇంట్ల జాజ్ ఉన్నదంట గద?"

"జాజా?" అత్త చేట ఆపింది. "మా గోడలు చూస్తలేవా నాయినా? జాజు పూసి ఎన్నేండ్లాయెనో. గోడలకు పూసే మన్ను మా ఇంట్ల ఏడుంటది, అంగట్ల అడుగుపో."

"ఆ జాజు కాదమ్మా. జాజ్. మ్యూజిక్. అమెరికా బాజా. ప్లేట్లుంటయి చూడు, నల్లగ..."

"ప్లేట్లల్ల జాజు కలుపుకుంటరా? గిన్నెల కలుపుకోరాదు?"

లోపల నా రోకలి ఆగిపోయింది. ప్లేట్లు అనే మాట మా గుమ్మంలో ఒక పరాయి మగవాడు అనగా నేను వినడం అదే మొదలు. సంచి మీద పాత చీర కప్పి బయటికి వచ్చాను.

"ప్లేట్లు లేవు, గీట్లు లేవు. నీకెవరు చెప్పిండ్రు?"

"జుమేరాత్ బజార్ల సంచులమ్మే భాయ్ చెప్పిండక్కా. గీ గల్లీకి పోతయన్నడు."

"గల్లీల శాన ఇండ్లున్నయి. బర్రెలను అడుగు."

నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. లేదని చెప్తే మొహం మాడ్చుకుని పోవాలి గానీ నవ్వడమేమిటి? లాడ్‌బజార్‌లో మా సేటంటే పడని వాళ్ళు చాలామంది ఉన్నారు. అస్లీ లక్కలో ఏముందో కనుక్కోమని వాళ్ళలో ఎవరో పంపి ఉంటారనుకున్నాను. కాకపోతే పోలీసు. అదీ కాకపోతే ఇంకా అధ్వాన్నం, ఒంటరి ఆడదాని ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు.

మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్నేమీ అడగలేదు, అత్తకు పాన్ తెచ్చాడు. అరుగు చివర కూర్చొని ముచ్చట పెట్టాడు. సికింద్రాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో బాజా బృందంలో ఊదుతాడట. దొరలు, దొరసానులు నడుములు పట్టుకొని గుండ్రంగా తిరిగే పాటలు. గదిలో మంచం కింద, మంచం మీద, కిటికీలో అన్నీ ప్లేట్లేనట, తాను గోడకు ఒరిగి పడుకుంటాడట. సముద్రం మీద నుంచి వచ్చినవాళ్ళ దగ్గర, ఊరు విడిచిపోయేవాళ్ళ దగ్గర అడుక్కొని తెచ్చుకున్నవట.

"అన్ని ప్లేట్లుంటే ఇంకేం కావాలె నీకు?" అంది అత్త.

"అమెరికాల కొందరున్నరమ్మా, శాన వరకు నల్లోళ్ళు. పాటకు ఒక దారి ఉంటది గద? వాళ్ళు ఆ దారి ఇడిసిపెట్టిండ్రు. చెట్లల్ల పడి పోతున్నరు."

"అయ్యో, దారి తప్పిండ్రా?"

"తప్పలె. కావాలనే పోయిండ్రు."

"ఎందుకూ?"

"దారి మీద అందరు నడిసి నడిసి గడ్డి కూడ మొలుస్తలేదమ్మా."

అత్త పాన్ నములుతూ నవ్వింది. నేను తలుపు సందులోంచి వింటున్నాను. ఆ మనిషి ఆ ప్లేట్లు విని విని తాను కూడా అట్లా ఊదడం మొదలుపెట్టాడట. హోటల్లో ఒకసారి ఊదితే బృందాన్ని నడిపే పెద్దమనిషి చెయ్యి పట్టి బయటికి పంపాడట. తనూ, డప్పు కొట్టే స్నేహితుడూ కలిసి రేడియోలు బాగుచేసే ఒక దుకాణంలో, చప్పుడును ప్లేటు మీద గీతలుగా చెక్కే మిషను ఉంటే, తమ బాజాను ఒక్క ప్లేటు మీద ఎక్కించుకున్నారట. ఒకటే ప్లేటు, రెండోది లేదు. స్నేహితుడి దగ్గర ఉండేదట. వాడు అద్దె కట్టక రాత్రికి రాత్రే బొంబాయి పోతే ఇంటివాళ్ళు వాడి సామానంతా తుక్కులో వేశారట. అప్పటినుంచి తాను సంచుల వెంట తిరుగుతున్నాడట.

అతుకు కనబడకుండా చేసిన గాజును నేను తిప్పి తిప్పి చూస్తాను. ఈ కథకు కూడా అతుకు కనబడలేదు. అందుకే నమ్మలేదు.

మూడోసారి మధ్యాహ్నం వచ్చాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది. మంచినీళ్ళు అడిగాడు. అత్త లేచి లోపలికి వచ్చి కడవ మీద మూత తీసి గోడకు ఆనించి గ్లాసు ముంచింది. ఆయన గ్లాసు అందుకున్నాడు, తాగలేదు. గోడ వైపే చూస్తున్నాడు. గుమ్మం దగ్గర అట్లాగే కూలబడ్డాడు.

"అక్కా... అదేంది?"

"మూత" అన్నాను.

"దాని మీద నీళ్ళున్నయి."

"కడవ మీద మూత. నీళ్ళు గాక నెయ్యి ఉంటదా?"

"మూతకు నడుమ బొక్క ఎందుకుంటదక్కా?"

నేను నోరు తెరవకముందే అత్త అందుకుంది. "కడవకు గాలాడొద్దా మరి!"

ఆయన నవ్వలేదు. మీద పడి లాక్కోనూ లేదు. లాక్కుని ఉంటే నాకు సులువయ్యేది, కేకలు పెట్టి గల్లీని పిలిచేదాన్ని. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని "అది నేను ఊదింది" అన్నాడు.

నాకు లోపల భయం పట్టుకుంది. మూత కాదు ప్లేటే అని ఒప్పుకుంటే సంచి ఒప్పుకున్నట్టు. సంచి ఒప్పుకుంటే సేటు బయటపడతాడు, సేటు బయటపడితే నా సిగ్డీ ఆరిపోతుంది. అత్తకూ నాకూ ఆ కడ్డీలు తప్ప వేరే ఆధారం లేదు. ఇవ్వనంటే బయటికి పోయి ఏం చెప్తాడో. ఇచ్చేస్తే, ఒకటి దొరికిన చోట ఇంకోటి దొరుకుతుందని రేపు మళ్ళీ రాడా? అసలు ఆయనదే అని ఏమిటి సాక్ష్యం?

"నీదే అయితే జోడు చెయ్" అన్నాను.

"ఏంది?"

"అండ్ల ఏమున్నదో నాకు వినిపియ్యి. ఎనుక నువ్వు గట్లనే ఊది చూపియ్యి. రెండు ఒక్కతీరుగ ఉంటే తీస్కపో."

ఆయన ఆ ప్లేటు వైపు చూస్తూ చెప్పాడు, అది మామూలు ప్లేటు కాదట. రేకు మీద పూత, అంతే. పాటల డబ్బా ఇనుప ముల్లు దాన్ని గీరేస్తుందట. పైగా నీళ్ళకు నాని ఉంది. మెత్తటి ముల్లున్న మిషను ఆ రేడియో దుకాణంలో ఉందట, అక్కడికి తీసుకుపోనిస్తే జాగ్రత్తగా వింటాడట, నన్ను కూడా రమ్మన్నాడు.

"నేనేడికి రాను. ఇక్కడనే వినిపియ్యాలె."

"ఇక్కడ వింటే ఖరాబైతది అక్కా."

"నీది కాకపోతే ఖరాబైతే నీకేంది? నీదైతే అండ్ల ఏమున్నదో నీకు ఎరుకనే గద?"

ఎంత తిప్పి చెప్పినా నేను ఆ మాట మీదే నిలబడ్డాను. మర్నాడు పగటిపూట ఒక పాటల డబ్బా, ఒక పొడుగు పెట్టె మోసుకొని వచ్చాడు. పెట్టెలో ఇత్తడి బాకా, హుక్కాలాగా వంగి ఉంది. సాక్సాఫోన్ అంటారన్నాడు. తాడు మెడలో వేసుకుంటుంటే ఆ మచ్చ ఎక్కడిదో తెలిసింది. అయినా తాడు మోసినవాళ్ళందరూ ఈ ప్లేటు ఊదినవాళ్ళు అవుతారా?

ప్లేటును తన జేబురుమాలుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. అత్త "పెండ్లికూతురు మొగం తుడిసినట్టు తుడుస్తున్నవ్, కానియ్యి" అంటే గానీ డబ్బా మీద పెట్టలేదు. ముల్లు దించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

మొదట పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వచ్చింది, అది నీళ్ళు చేసిన పని. తరవాత గిన్నెలు మెట్ల మీద నుంచి దొర్లినట్టు డప్పు. దానిలోంచి బాకా లేచింది. పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూశాను. మొదలవలేదు. ఒకచోట పట్టుకుంటే ఇంకోచోట నుంచి జారిపోతోంది, ఏదో చెప్పబోయి నాలుక కరుచుకున్నట్టు ఆగుతోంది. ఏదో దాస్తున్న బాజా అనుకున్నాను. ఉన్నట్టుండి బాకా ఒక్క అరుపు అరిచింది. అరుపు చివర విరిగిపోయి, ఊపిరి మాత్రం వినబడింది.

మా ఆయన పోయిన పొద్దున నా నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది, ముందు వచ్చింది ఆ చప్పుడు. అట్లాంటిది మళ్ళీ ఎక్కడా వినలేదు, ఎవరికీ చెప్పలేదు. అది ఆ డబ్బాలో ఉంది. మనసు కరగాల్సింది పోయి నాకు అనుమానం ఇంకా పెరిగింది. నా చప్పుడు ఈయన దగ్గరికి ఎట్లా వచ్చింది?

ముల్లు కింద నుంచి సన్నటి నల్లదారం లేస్తోంది, వెంట్రుకలాగా చుట్టుకుంటూ. దాని వెనక తెల్లరేకు బయటపడుతోంది. ఆయన చెయ్యి వేసి ముల్లు ఎత్తేశాడు. "చాలక్కా. ఇంక చాలు."

"జోడు?" అన్నాను.

బాకా ఎత్తి ఊదాడు. బాగానే ఊదాడు, గల్లీలో బర్రెలు తలలు తిప్పాయి, పాలమ్మే ఆడవాళ్ళు చెంబులతో సహా గుమ్మంలో మూగారు. కానీ అది ఇందాకటిది కాదు. ఇందాక అరుపు ఉన్న చోట ఇప్పుడు గొణుగుడు ఉంది. ఇందాక విరిగిన చోట ఇప్పుడు సాగింది.

"ఇది వేరేగున్నది."

"వేరేగనే ఉంటదక్కా. ఆ దినం ఆ దినందే."

"నువ్వే ఊదిన అంటివి."

"నేనే ఊదిన. మళ్ళ గదే ఊదితే అది గీ బాజా కాదు, హోటల్ బాజా అయితది. అందుకే గద ఆ ఒక్క ప్లేటు కోసం తిరుగుతున్న! మళ్ళ ఊదొస్తే నాకు ప్లేటెందుకు?"

"జోడు చేయరానోడు నాదని ఎట్లంటడు?"

"గాజులు కావక్కా ఇవి" అన్నాడు.

గాజులు అనే మాట నా గుండెలో దిగింది. మేము గాజుల పని చేస్తామని ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు. ఊరికే నోటికొచ్చిందా, తెలిసే అన్నాడా? అడుగుదామనుకునే లోపల గుమ్మంలో ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. సేటు. వెనక రిక్షా.

"ఏంది లొల్లి? ముండమోసిన ఇంట్ల బాజాలేంది?"

సేటు కళ్ళు బాకా మీద నుంచి డబ్బా మీదికి, డబ్బా మీది ప్లేటు మీదికి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చాయి. తన సంచిలో సరుకు నేను పక్కదారిన అమ్ముకుంటున్నానని ఆయన అనుకోవడం నాకు కనబడుతూనే ఉంది.

"ఆ ప్లేటు ఏడిది?"

మాదంటే చిక్కు. దొరికిందంటే చిక్కు. బాకా మనిషి నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు, కన్ను కదపలేదు.

"నాది సేట్" అన్నాడు. "డబ్బా అమ్ముదమని తెచ్చిన. ఒక ప్లేటు సుత తెచ్చిన, వినిపిద్దమని. పెద్దమ్మ తీసుకుంటదేమో అనుకున్న."

అత్త ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నేనేం జేసుకుంట? పగలు వింటే రాత్రి నిద్ర రాదు గా చప్పుడుకు. తీస్కపో నాయినా, తీస్కపో!"

"పోతున్న పెద్దమ్మా."

ఆయన డబ్బా మూశాడు. బాకా పెట్టెలో పెట్టాడు. ప్లేటును చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకొని గుండీలు వేసుకున్నాడు. సేటు దారి ఇచ్చాడు. ఆయన సేటు పక్కనుంచే మెట్లు దిగి పోయాడు. నేను ఆపాలంటే ఏమని ఆపాలి? అది మాదని అంటే నా పీక నేనే కోసుకున్నట్టు. ఒక్క మాటతో నా పనీ నిలబెట్టాడు, ప్లేటూ పట్టుకుపోయాడు.

"ఎవరన్న వచ్చిండ్రా?" అన్నాడు సేటు, అలవాటు కొద్దీ, వచ్చినవాడు ఇంకా గల్లీ దాటకముందే.

"గాయనొక్కడే సేటు. డబ్బా అమ్మెటోడు."

సేటు కడ్డీలు తీసుకొని, వెనక గదిలో సంచి మీద చీర ఎత్తి చూసి, మళ్ళీ కప్పి, రిక్షా ఎక్కాడు. రిక్షా మలుపు తిరగగానే నేను పాలకు పోతున్నట్టు ఖాళీ చెంబు ఒకటి పట్టుకొని బయటపడ్డాను. బాకా మనిషి ఎటు పోతాడో చూడాలి. జుమేరాత్ బజార్ వైపు పోతే దొంగ, ప్లేటు అమ్ముకుంటాడు. లాడ్‌బజార్ వైపు పోతే సేటు శత్రువుల మనిషి. సికింద్రాబాద్ బస్సు వైపు పోతే...

ఎటూ పోలేదు. గల్లీ చివర మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. చొక్కాలోంచి ప్లేటు తీసి ఎండకు అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. ముల్లు గీరిన చోట గోరుతో మెల్లగా తడిమాడు. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. తన పిల్లవాడికి దెబ్బ తగిలితే తండ్రి అట్లా చూస్తాడు. అమ్ముకునేవాడు కూడా సరుకు చెడిందా అని అట్లాగే చూసుకుంటాడు. రెంటికీ తేడా పట్టుకోవాలని గోడ పక్కన నిలబడి నేను చాలాసేపు చూశాను. మొహం కనబడుతూనే ఉంది. తేడా మాత్రం నాకు తెలియలేదు.

తలెత్తితే నన్ను చూసేవాడే. ఎత్తలేదు. నేను పిలిస్తే ఆగేవాడే. పిలవలేదు. ఎందుకు పిలవలేదంటే, నమ్మి కాదు. పిలిస్తే ఆయన ఏదో ఒకటి చెప్తాడు, దానికి కూడా అతుకు కనబడదు, నేను మళ్ళీ నమ్మను.

మేత నుంచి తిరిగి వచ్చే బర్రెలు గల్లీ నిండా వచ్చాయి. గోడకు ఆనుకొని వాటికి దారి ఇచ్చాను. అవి దాటేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. ఇంటికి వస్తే అత్త అరుగు మీద ఎదురుచూస్తోంది.

"ఎటు పోయిండే?"

"చూడలె" అన్నాను.